ఖర్చు లెక్క సరే... ఫలితం లెక్క ఏదీ?

పథకాలను, పాఠశాలలను తూకం వేసిన పరిశోధనలకు తెలుగు పల్లెలే వేదికలు
నిజాలు తేలినా అవి గ్రామసభ గడప తొక్కలేదు

మండల సర్వసభ్య సమావేశం ఎక్కడ జరిగినా నివేదికల తీరు ఒక్కటే. ఇన్ని లక్షలు మంజూరయ్యాయి, ఇంత వ్యయమైంది, ఇందరు లబ్ధిదారులకు అందింది అంటూ శాఖల వారీగా అధికారులు అంకెలు చదువుతారు. నిధులు ఎందుకు మిగిలాయని సభ్యులు నిలదీస్తారు. పూర్తిగా ఖర్చు చేసిన శాఖకు ప్రశంస, మిగిల్చిన శాఖకు మందలింపు. అంతటితో సమీక్ష ముగుస్తుంది. ఆ సొమ్ము వెచ్చించకపోతే పరిస్థితి ఎలా ఉండేది, వెచ్చించినందువల్ల అదనంగా ఒరిగిందేమిటి అన్న ప్రశ్న మాత్రం సభలో వినిపించదు.

నిజానికి ఈ ప్రశ్నకు జవాబు వెదికే పరిశోధనలు ఎక్కడో విదేశాల్లో కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే పెద్ద ఎత్తున జరిగాయి. బడి పంతుళ్లు, ఉపాధి కూలీలు, పింఛనుదారులు, పసిపిల్లల తల్లులు వాటికి సమాధానాలిచ్చారు. ఆ ఫలితాలు ప్రపంచస్థాయి అర్థశాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి. సమాచారమిచ్చిన ఊళ్లకు మాత్రం అవి తిరిగి రాలేదు. ఈ అంతరం వల్ల నష్టపోతున్నది పన్ను కట్టే పౌరుడు, అంతకు మించి ప్రభుత్వ బడినే నమ్ముకున్న పేదవాడు.

పోలికలోనే అసలు చిక్కు

పథకం పనిచేసిందా లేదా అని తేల్చడం చూసినంత సులభం కాదు. వానలు బాగా కురిసిన ఏడాది కొత్త విత్తనం ఇస్తే, పెరిగిన దిగుబడి విత్తనం మహిమో వాన మహిమో చెప్పడం కష్టం. ప్రైవేటు పాఠశాల విద్యార్థికి ఎక్కువ మార్కులు వస్తే అది బడి గొప్పతనమా, చదువుకున్న తల్లిదండ్రుల చలవా, ఇంటి ఆర్థిక స్తోమతా అన్నది తేలదు.

ఈ చిక్కుకు పరిశోధకులు ఎంచుకున్న పరిష్కారం లాటరీ. ఒకే తీరుగా ఉన్న కొన్ని వందల పాఠశాలలనో మండలాలనో తీసుకొని చీటీలు వేస్తారు. చీటీ తగిలినచోట పథకం అమలవుతుంది, మిగిలినచోట యథాస్థితి కొనసాగుతుంది. వానలైనా, ధరలైనా, ఎన్నికలైనా రెండు వర్గాలకూ సమానమే గనుక చివరకు కనిపించే తేడాను పథకానికే ఆపాదించవచ్చు. మందుల పరీక్షల్లో దశాబ్దాలుగా ఉన్న పద్ధతే ఇది. పేదరిక నిర్మూలన పథకాలకు దీనిని విస్తృతంగా అన్వయించినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది.

కొందరికిచ్చి కొందరికి ఇవ్వకపోవడం న్యాయమా అన్న సందేహం సహజం. అందరికీ ఒకేసారి ఇవ్వగల నిధులు లేనప్పుడు ఎవరో ఒకరు ముందు, మరొకరు వెనుక కాక తప్పదు. ఆ వరుసను నాయకుల సిఫారసు నిర్ణయించడం కంటే లాటరీ నిర్ణయించడమే న్యాయానికి దగ్గర.

500 పాఠశాలల్లో అయిదేళ్ల పరీక్ష

2005లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు కలిసి కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల నుంచి 5 జిల్లాలను ఎంచుకొని ఒక బృహత్తర అధ్యయనానికి పూనుకున్నాయి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనికి నాయకత్వం వహించారు. 50 మండలాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకొని వందేసి బడుల చొప్పున విభజించారు. కొన్ని బడుల్లో పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు నగదు ప్రోత్సాహం ప్రకటించారు. కొన్నింటికి అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుడిని, మరికొన్నింటికి బోధన సామగ్రి కోసం నిధులను ఇచ్చారు. ఒక వంద బడులను పోలిక కోసం యథాతథంగా వదిలారు.

ఉపాధ్యాయులకిచ్చిన ప్రోత్సాహం పెద్ద మొత్తమేమీ కాదు. సగటున వార్షిక వేతనంలో 3 శాతం మాత్రమే. అయినా రెండేళ్లలో ఆ బడుల పిల్లలు గణితంలో స్పష్టంగా ముందంజ వేశారు. వందమంది విద్యార్థులను మార్కుల వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు దాదాపు పదిమందిని దాటి ముందుకు వెళ్లినంత తేడా అది. భాషలోనూ మెరుగుదల కనిపించింది. ప్రోత్సాహంతో సంబంధం లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో సైతం వారు వెనుకబడలేదు, పైగా మెరుగయ్యారు. బహుమతి ఆశ చూపితే ఆ రెండు సబ్జెక్టులే బట్టీ వేయిస్తారన్న భయం ఇక్కడ రుజువు కాలేదు.

ఒప్పంద ఉపాధ్యాయుల అనుభవం మరింత ఆలోచింపజేసేది. రెగ్యులర్ ఉపాధ్యాయుడి జీతంలో అయిదో వంతుకు మించని పారితోషికంతో, శిక్షణ అంతగా లేని స్థానిక యువతీ యువకులు ఆ బాధ్యత నిర్వర్తించారు. వారున్న బడుల్లో పిల్లల చదువు మెరుగుపడింది. గైర్హాజరు రెగ్యులర్ ఉపాధ్యాయుల్లో 27 శాతం ఉండగా, వీరిలో 18 శాతమే నమోదైంది. దీని అర్థం చాలీచాలని జీతంతో పని చేయించుకోవడం సబబని కాదు. ఊళ్లోనే ఉండి, ఊరికి జవాబుదారీగా మెలిగే ఉపాధ్యాయుడి విలువ జీతం చిట్టాలో కనిపించదని మాత్రమే.

నిధులిస్తే సరిపోతుందా?

సామగ్రి నిధుల ఫలితం ఎవరూ ఊహించనిది. మొదటి ఏడాది నిధులు అనుకోకుండా వచ్చాయి. నోటుపుస్తకాలు, అభ్యాస పుస్తకాలు, పలకలు కొనిచ్చారు. పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాదీ అంతే మొత్తం ఇచ్చినా మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకని ఆరా తీస్తే ఇళ్లలో జవాబు దొరికింది. బడిలో ఎలాగూ ఇస్తారని తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చును ఆ మేరకు తగ్గించుకున్నారు.

ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. ఆదా అయిన నాలుగు రూపాయలు ఇంట్లో మరో అవసరానికి అక్కరకొచ్చి ఉంటాయి. ఆ కుటుంబానికి అది మేలే. అయితే చదువు పెరుగుతుందన్న పేరుతో ఇచ్చిన నిధులు వాస్తవానికి కుటుంబ బడ్జెట్‌కు ఊరటగా మారాయన్నది గమనించాల్సిన సంగతి. సమీక్ష సమావేశంలో అదే పథకం నూటికి నూరు శాతం లక్ష్య సాధనగా నమోదవుతుంది.

మరో వంద బడుల్లో పిల్లలు ఎక్కడ వెనుకబడ్డారో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేసి, తరచూ పరిశీలకులను పంపారు. పరిశీలకులు వచ్చిన సమయంలో ఉపాధ్యాయులు చురుగ్గా పాఠాలు చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే మిగతా బడులకూ వీటికీ తేడా లేదు. తనిఖీ ఉన్న రోజు బడి వేరు, లేని రోజు బడి వేరని పల్లెవాసులు ఎప్పటినుంచో అనుకునే మాటే అంకెలతో సహా రుజువైంది.

ప్రైవేటు బడి మోజు... వాస్తవం

పల్లెల్లో పసుపుపచ్చ బస్సు రాని వీధి లేదు. కూలి డబ్బులు కూడబెట్టి, అప్పోసప్పో చేసి ఫీజులు కడుతున్న కుటుంబాలెన్నో. ఆ ఖర్చుకు తగిన చదువు వస్తున్నదా అన్నది 2008లో మొదలైన మరో అధ్యయనం తరచి చూసింది. ఉమ్మడి రాష్ట్రంలోని 180 గ్రామాల్లో ప్రభుత్వ బడిలో చదివే పిల్లల నుంచి దరఖాస్తులు స్వీకరించి, లాటరీలో ఎంపికైన వారికి ప్రైవేటు పాఠశాలలో చేరేందుకు ఫీజు సాయం అందించారు. చీటీ తగిలినవారినీ తగలనివారినీ నాలుగేళ్లపాటు పరిశీలించారు.

తెలుగు, గణితం సబ్జెక్టుల్లో ఇరువర్గాల మధ్య తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవారు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అప్పట్లో హిందీ చెప్పకపోవడమే ఇందుకు కారణం. బయటికి కనిపించే మార్కుల వ్యత్యాసంలో అధిక భాగం పిల్లల ఇళ్ల నుంచి వచ్చిందే తప్ప బడి ఇచ్చింది కాదని దీనితో తేలింది.

అలాగని ప్రభుత్వ బడి నెగ్గిందని సంబరపడటానికీ వీల్లేదు. అదే అధ్యయనం ప్రకారం ఒక్కో విద్యార్థిపై ప్రైవేటు పాఠశాలలు పెడుతున్న ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. తెలుగు, గణితాలకు తక్కువ గంటలు కేటాయించి, తక్కువ జీతాలు పొందే ఉపాధ్యాయులతో అవి అదే ఫలితం రాబట్టాయి. అర్హతలు, శిక్షణ, వేతనం అన్నీ ఉన్న ప్రభుత్వ వ్యవస్థ అంతకు మించి ఎందుకు సాధించలేకపోయిందన్నది పాలకులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఫీజు కట్టే ముందు ఆ బడి తమ బిడ్డకు అదనంగా ఏమిస్తున్నదన్నది తల్లిదండ్రులు వేసుకోవాల్సిన ప్రశ్న. విద్యార్థుల సంఖ్య తగ్గిందని ఒక ఊరి బడిని మరో ఊరి బడిలో కలపాలన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ ఈ రెండు ప్రశ్నలూ చర్చకు రావాలి. వస్తున్నది మాత్రం హాజరుపట్టీ ఒక్కటే.

కూలీల మాటే నిలబెట్టింది

బడుల సంగతి అలా ఉంచితే ఉపాధి హామీ, పింఛన్ల చెల్లింపుల్లోనూ ఇలాంటి పరీక్ష జరిగింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచి ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది. చేసిన పనికి కూలి ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని పరిస్థితి కూలీలను వేధించేది. దీనికి విరుగుడుగా ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వేలిముద్రల ఆధారంగా చెల్లించే స్మార్ట్‌కార్డులను తీసుకొచ్చింది. 8 జిల్లాల్లో ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ ద్వారా నిర్ణయించి 2010 నుంచి 2012 వరకు అధ్యయనం చేశారు. పోల్చి చూసిన 157 మండలాల జనాభా దాదాపు 1.9 కోట్లు.

రెండేళ్ల తర్వాత కూడా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా ఫలితం దక్కింది. కూలి డబ్బు అందుకోవడానికి ఒక్కోసారి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. చెల్లింపుల్లో జాప్యం తగ్గింది. కుటుంబాలకు ఉపాధి పనుల ద్వారా వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది. మధ్యలో స్వాహా అయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది.

ఇక్కడే అసలు కథ ఉంది. క్షేత్రస్థాయి నుంచి ప్రభుత్వానికి అందిన ఫిర్యాదులు ఇందుకు పూర్తి విరుద్ధంగా ఉన్నాయి. కార్డులతో జనం ఇక్కట్లు పడుతున్నారని కిందిస్థాయి నుంచి మాటలు పైకి చేరాయి. ఒక దశలో ఈ విధానాన్ని ఎత్తివేసే ఆలోచన కూడా వచ్చిందని పరిశోధకులు నమోదు చేశారు. నేరుగా కూలీలనే అడిగితే ప్రతి పదిమందిలో తొమ్మిది మంది కొత్త పద్ధతే మేలన్నారు. పాత పద్ధతిలో రాబడి పోగొట్టుకున్నవారి గొంతు రాజధానికి తేలిగ్గా చేరుతుంది. అరగంట ముందు ఇంటికి చేరిన కూలీ గొంతు చేరదు. ఆ గొంతును చేర్చగలిగింది సర్వే ఒక్కటే.

తెలంగాణలో 2018లో అప్పటి రైతుబంధు చెక్కుల పంపిణీ సందర్భంగా ఇంతకంటే చౌకైన పద్ధతి ఒకటి పరీక్షకు వచ్చింది. లాటరీలో ఎంపికైన మండలాల వ్యవసాయాధికారులకు ఒక్క మాట ముందుగా చెప్పారు. చెక్కులు అందాయో లేదో రైతులకే ఫోన్ చేసి తెలుసుకుంటామని. అంతే. ఆ మండలాల్లో చెక్కులు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. తనిఖీకి జీపులు, బృందాలు అవసరం లేకపోయింది. లబ్ధిదారుడిని అడుగుతారన్న ఎరుకే కొంత పని చేసింది.

కడుపు నిండిందా... మనసు కుదుటపడిందా?

మార్కులు, రూపాయలు మాత్రమే మనిషి బాగోగులను చెప్పవు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 'యంగ్ లైవ్స్' పేరిట 2002లో మొదలైన అధ్యయనం ఈ కోణాన్ని పట్టుకుంది. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో దాదాపు 3 వేల మంది పిల్లల జీవితాలను అప్పటి నుంచి ఏళ్ల తరబడి పరిశీలించింది. అప్పుడు ఏడాది నిండీ నిండని పసివాళ్లు ఇప్పుడు పాతికేళ్ల ఛాయల్లో ఉన్నారు.

2003 జనవరిలో రాష్ట్రంలోని బడుల్లో మధ్యాహ్న భోజనం ప్రారంభమైంది. దానికి ముందూ వెనకా కరవు కాటేసిన రోజులవి. కరవు పాలైన కుటుంబాల్లో పుట్టిన పిల్లల ఎత్తు, బరువు తగ్గాయని ఈ సమాచారం వెల్లడించింది. ఆ పిల్లలే బడిలో చేరి మధ్యాహ్న భోజనం తిన్నాక కోల్పోయిన ఎదుగుదలను తిరిగి అందుకున్నారని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ విశ్లేషణలో తేలింది. పిల్లలను బడికి రప్పించే ఆకర్షణగానే చాలామంది భావించిన పథకం కరవు గాయాన్ని మాన్పే మందుగా కూడా పనిచేసిందన్నమాట. వండి వడ్డించిన మహిళలకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఇదే అధ్యయనం మరో చేదు నిజాన్నీ బయటపెట్టింది. 2009లో ఎనిమిదేళ్ల పిల్లలను విడిగా కూర్చోబెట్టి అడిగినప్పుడు, గడిచిన వారం రోజుల్లో ఉపాధ్యాయుల చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పినవారు నలుగురిలో ముగ్గురికి పైగా ఉన్నారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి బడిలో దండనను నిషేధించింది. చట్టం వచ్చాక బెత్తం నిజంగా పక్కకు పోయిందా అన్నది హాజరుపట్టీలోనో, ఉత్తీర్ణత శాతంలోనో కనిపించదు. పిల్లలను అడిగితేనే తెలుస్తుంది.

నీ జీవితం తొమ్మిది మెట్ల నిచ్చెన అనుకుంటే ఈ రోజు ఏ మెట్టు మీద ఉన్నావని కూడా ఆ పిల్లలను అడిగారు. వినడానికి చిన్న ప్రశ్నే. కానీ ఏ ప్రభుత్వ దరఖాస్తులోనూ ఇలాంటి గడి లేదు. తెల్లకార్డు ఉందా, ఎంత భూమి ఉంది, ఇల్లు పక్కాదా కచ్చాదా అని అడిగే వ్యవస్థ, నీవు ఎలా ఉన్నావని అడగడం మరిచిపోయింది.

పరిశోధనకూ పరిమితులున్నాయి

ఇలాంటి అధ్యయనాలే సర్వరోగ నివారిణి అనుకోవడం పొరపాటు. సగటున మేలు జరిగిందన్న మాట వెనుక నష్టపోయిన కొందరు మరుగున పడవచ్చు. స్మార్ట్‌కార్డు లక్షల మందికి మేలు చేసినా, అరిగిన వేలిముద్ర పడక వెనుదిరిగిన వృద్ధురాలికి సగటుతో పని లేదు. 2005 నాటి బడిలో తేలిన నిజం నేటి బడికి అక్షరాలా వర్తించకపోవచ్చు. కొన్ని హక్కులు లాభనష్టాల తూకానికి అతీతమైనవి కూడా. పిల్లవాడిని కొట్టకూడదనడానికి మార్కులు పెరుగుతాయన్న రుజువు అక్కర్లేదు.

అయినా రుజువు లేని నిర్ణయం కంటే రుజువున్న నిర్ణయం మెరుగు. కొన్ని వేల కోట్ల పథకాన్ని ప్రారంభించే ముందు కొన్ని మండలాల్లో పరీక్షించి చూడటానికి అయ్యే ఖర్చు ఆ పథకం ప్రచారానికయ్యే వ్యయంతో పోల్చినా భారమేమీ కాదు.

గ్రామసభకు చేరితేనే సార్థకత

ఇందుకు కొత్త యంత్రాంగం వెదకనవసరం లేదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీలకు దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించి, మండల ప్రజావేదికలో అందరి ఎదుట చదివి వినిపించే సంప్రదాయం ఇక్కడ వేళ్లూనుకుంది. మస్తర్లలో దొంగపేర్లను ప్రజల మధ్య బయటపెట్టగలిగినప్పుడు, బడిలో పిల్లలు ఏం నేర్చారో, పథకం ఏం సాధించిందో అదే వేదికపై చెప్పడానికి అడ్డంకేమిటి?

సభల్లో పాల్గొనే ప్రజాప్రతినిధులు, పౌరులు మూడు ప్రశ్నలు అలవాటు చేసుకుంటే చాలు. ఈ ఫలితాన్ని దేనితో పోల్చి చెబుతున్నారు? కొలిచింది ఖర్చునా, మార్పునా? కొలిచినవారు పథకం అమలు చేసినవారేనా, వేరెవరైనానా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాని నివేదిక ఎన్ని పేజీలున్నా అది జమాఖర్చుల పద్దే తప్ప ప్రగతి నివేదిక కాదు.

ప్రశ్నపత్రాలతో వచ్చినవారికి తెలుగు పల్లె ఓపికగా గంటల తరబడి సమాధానాలిచ్చింది. కూలి మానుకొని కూర్చున్నవారున్నారు, పిల్లల చేత పరీక్షలు రాయించినవారున్నారు. తమ మాటల నుంచి తేలిన నిజమేమిటో తెలుసుకునే హక్కు వారికే ముందుగా ఉంది. ఆ నివేదికలను తెలుగులో, అందరికీ అర్థమయ్యే రెండు పేజీల్లో పంచాయతీ కార్యాలయానికి, బడికి పంపడం ప్రభుత్వాల కనీస బాధ్యత. అది జరిగిన నాడు మండల సమావేశంలో అడిగే ప్రశ్నలు మారతాయి. ప్రశ్నలు మారితేనే జవాబులూ మారతాయి.